ఇంట్లో మూలికల టీ సరిగ్గా పెట్టుకునే పద్ధతి: మన బోరు నీళ్ళు, మన చుట్టూ దొరికే ఆకులతో

"తులసి టీ పెడితే పసరు వాసన వస్తోంది, ఎందుకు?" "తంగేడు పువ్వు టీ ఇంత చేదుగానే ఉంటుందా?" "అల్లం ఎంతసేపు మరగాలి?" ఈ మూడు ప్రశ్నలూ నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది అనంతపురం, తాడిపత్రి, కడప వైపు వాళ్ళే. మీరు ఎలా పెడుతున్నారని తిరిగి అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే. గిన్నెలో నీళ్ళు పోసి, ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి వేసి, నీళ్ళు సగమయ్యేదాకా మరిగిస్తున్నారు.

చెడుతున్నది అక్కడే. ఆకుకు ఒక లెక్క, గింజకు ఒక లెక్క, వేరుకు ఒక లెక్క ఉంది. అల్లానికి పట్టే సమయం తులసికి ఇస్తే తులసి ఉడికిపోయి ఆకుకూర నీళ్ళవుతుంది. తులసికి సరిపోయే సమయమే అల్లానికి ఇస్తే అల్లం వాసన మాత్రమే వస్తుంది, ఘాటు రాదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. పావు వంతుకు దిగేదాకా కాచేది కషాయం. అది మందు, దాని మోతాదు వైద్యులు చెప్పాలి. ఇక్కడ చెప్పేది రోజూ ఒకటి రెండు గ్లాసులు హాయిగా తాగే పలుచని టీ గురించి. ఇందులో టీ పొడి ఉండదు.

1. ముందు నీళ్ళ సంగతి

మన జిల్లాల్లో టీ రుచి సగం నీళ్ళ దగ్గరే తేలిపోతుంది. చాలా ఇళ్ళలో వాడుక నీళ్ళు బోరువి. సబ్బు నురగ రాకపోయినా, నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతున్నా అవి గట్టి నీళ్ళని అర్థం. అలాంటి నీళ్ళలో ఆకుల వాసన మందగిస్తుంది. టీ పైన పలుచని తెట్టు కూడా కట్టవచ్చు.

నేను ఈ సంగతి తెలుసుకున్నది మందార పువ్వు వల్ల. ఒకే చెట్టు పువ్వులు, ఒకే గిన్నె. తాగే నీళ్ళలో వేస్తే ఎరుపు కలిసిన ఊదా రంగు వచ్చింది, బోరు నీళ్ళలో వేస్తే నీలంగా మారి, పచ్చదనం తేలింది. పువ్వు పాడైందనుకుని మొదటి గిన్నె పారబోశాను. పువ్వు మంచిదే, నీళ్ళలో క్షారం ఎక్కువ. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఎర్రగా తిరిగింది. మీ నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి ఇంట్లో ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

ఏం చేయాలంటే:

- ఇంట్లో తాగడానికి వాడే శుద్ధి చేసిన నీళ్ళనే టీకి వాడండి. టీయే కదా, ఎలాగూ కాస్తాం కదా అని బోరు నీళ్ళు పట్టకండి.
- గట్టి నీళ్ళు తప్ప వేరే లేకపోతే, ముందు రాత్రి ఐదు నిమిషాలు బాగా మరిగించి, మూతపెట్టి వదిలేయండి. పొద్దునకు సున్నం కొంత అడుక్కి దిగుతుంది. కదపకుండా పైన తేట మాత్రం వంచుకోండి.
- అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. అలాంటి ఊళ్ళో తేట నీళ్ళ ఉపాయం సరిపోదు, శుద్ధి చేసిన నీళ్ళే దారి.
- ఒకసారి మరిగి చల్లారిన నీళ్ళనే మళ్ళీ మళ్ళీ మరిగించకండి. టీ చప్పగా వస్తుంది.

2. గిన్నె, మూత, కొలత

స్టీలు గిన్నె చాలు. గాజుది ఉంటే ఇంకా మంచిది, రంగు కనిపిస్తుంది. అల్యూమినియం గిన్నెలో నిమ్మ, ఉసిరి, గోంగూర పువ్వు లాంటి పులుపు పడే టీలు కాచవద్దు. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు కూడా పులుపుకు పనికిరావు, లోహం టీలోకి దిగుతుంది.

మూత గురించి కాస్త గట్టిగా చెప్తాను. ఇల్లంతా తులసి వాసన గుబాళిస్తోందంటే ఆ వాసన మీ గ్లాసులో లేదని అర్థం. ఆకులో ఉండే సుగంధ తైలం ఆవిరితో ఎగిరిపోతుంది. గిన్నెకు బిగువుగా కూర్చునే మూత కావాలి. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు పట్టిన నీటి చుక్కలను తిరిగి గిన్నెలోకే రాల్చండి. అందులోనూ ఆ తైలం ఉంటుంది.

ఈ వ్యాసంలో గ్లాసు అంటే 200 మి.లీ. హోటల్లో ఇచ్చే టీ గ్లాసు ఇందులో సగం దాకా ఉంటుంది. దానితో కొలిస్తే ఘాటు రెట్టింపవుతుంది.

ఒక గ్లాసుకు సుమారు కొలతలు:

- ఎండు ఆకు, ఎండు పువ్వు: ఒక టీ స్పూను
- పచ్చి ఆకు: దానికి మూడు రెట్లు, అంటే తులసి అయితే ఎనిమిది నుంచి పది ఆకులు
- పచ్చి అల్లం: అర అంగుళం ముక్క
- శొంఠి పొడి: పావు టీ స్పూను, అంతకు మించవద్దు
- ధనియాలు, జీలకర్ర, సోంపు: అన్నీ కలిపి ముప్పావు టీ స్పూను
- మిరియాలు: రెండు, లేదా మూడు
- దాల్చిన చెక్క: చిటికెన వేలి గోరంత ముక్క

3. ఆకులూ పువ్వులూ తెచ్చుకునేటప్పుడు

తులసి, పుదీనా, నిమ్మగడ్డి, మందారం కుండీల్లో పెంచుకుంటేనే మంచిది. మన ఎండకు నిమ్మగడ్డి బాగా తట్టుకుంటుంది. పుదీనాకు మాత్రం మధ్యాహ్నం నీడ కావాలి. గుడి దగ్గర అమ్మే తులసి మాలలు టీకి వాడకండి. ఏ తోటలో ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

తంగేడు గురించి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బీళ్ళలో, గుట్టల వారన, రోడ్ల పక్కన పచ్చగా విరగబూసి ఉంటుంది. రోడ్డు పక్కది కోయకండి, దుమ్ము, బండ్ల పొగ దాని మీదే కూర్చుంటాయి. చీనీ (బత్తాయి) తోటలకూ పత్తి చేలకూ ఆనుకుని ఉన్నదీ వద్దు, పురుగుమందు గాలికి దాని మీద పడుతుంది. ఊరి బయట బీట్లోకి పొద్దున్నే వెళ్ళి, మంచు తడి ఆరాక, విచ్చిన పువ్వులే కోయండి. నేను రేకులు మాత్రమే వాడతాను. కాయలూ ఆకులూ కలవనివ్వను.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే తప్పు ఒకటి ఉంది. పచ్చ గన్నేరు పువ్వు కూడా పసుపు రంగే. అది ఒళ్ళంతా విషం. పువ్వు, ఆకు, గింజ, దేన్నీ నోట్లో పెట్టకూడదు. గుర్తుపట్టడం ఇలా:

- తంగేడు ఆకు చింతాకులా ఒక ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న రెబ్బలుగా ఉంటుంది. పచ్చ గన్నేరు ఆకు సన్నగా, పొడుగ్గా, ఒంటిగా ఉంటుంది.
- తంగేడు పువ్వుకు ఐదు రేకులు విడివిడిగా విచ్చుకుని, మధ్యలో పొడుగైన కేసరాలు బయటికి కనిపిస్తాయి. గన్నేరు పువ్వు గరాటులా, రేకులు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటుంది.
- కొమ్మ తుంచితే గన్నేరుకు తెల్లని పాలు కారతాయి. తంగేడుకు కారవు.

రేల చెట్టు పువ్వు కూడా పసుపే. గుత్తులుగా కిందికి వేలాడుతుంది. దాన్ని టీకి వాడకండి. అంగట్లో నేల తంగేడు అని అమ్మేది వేరే మొక్క, దాన్నే సునాముఖి అంటారు. అది గట్టి విరేచనకారి. తంగేడు పేరు విని అది కొనుక్కుని తాగి రాత్రంతా ఇబ్బందిపడ్డవాళ్ళను నేను చూశాను. అంగట్లో అడిగేటప్పుడు "తంగేడు పువ్వు" అని పూర్తిగా చెప్పండి, తెరిచి చూసి తీసుకోండి.

మందారం విషయంలో చిన్న తికమక ఉంది. ప్యాకెట్లలో హైబిస్కస్ టీ అని వచ్చేది ఎక్కువగా మన పెరటి మందారం కాదు, గోంగూర జాతి ఎర్రకాయ మీది కండగల రేకులు. అందుకే అది పుల్లగా ఉంటుంది. పెరటి మందారంతో పెడితే పులుపు రాదు. మీ టీ తప్పుగా వచ్చిందని అనుకోవద్దు.

మూలికల అంగట్లో పొడి కొనడం కంటే వేరు, చెక్క, గింజ ఉన్నది ఉన్నట్టు కొనడం మేలు. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. శొంఠి కొమ్ము విరిస్తే నార కనిపించాలి, ఘాటు ముక్కుకు తగలాలి. పురుగు రంధ్రాలు ఉంటే వదిలేయండి.

4. ఆరబెట్టడం, దాచడం

పచ్చి ఆకు ఎప్పుడూ దొరికే ఇంట్లో ఈ పని అక్కర్లేదు. పువ్వులకూ, వానాకాలానికి దాచుకునే తులసికీ ఇది కావాలి.

ముందు ఒక వెడల్పు గిన్నెలో రెండు నీళ్ళు మార్చి కడగండి. నీళ్ళు పూర్తిగా వాడ్చి, పాత కాటన్ చీర మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. ఎండలో వేస్తే ఒక్క పూటలో ఎండుతుంది నిజమే, కానీ ఆకు రంగు, వాసన రెండూ పోతాయి. వేర్లకు మాత్రం లేత ఎండ తగిలినా ఫర్వాలేదు.

మన గాలిలో తేమ తక్కువ కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు మూడు రోజుల్లోనే తులసి గలగలలాడుతుంది. ఆషాఢం గాలులప్పుడు పైన ఇంకో పలుచని గుడ్డ కప్పండి, లేకపోతే ఆకు కంటే ఎర్రమట్టి ఎక్కువ చేరుతుంది. అక్టోబరు, నవంబరు ముసురులో ఆరబెట్టే పని పెట్టుకోకండి. ఒకసారి నవంబరులో తొందరపడి సగం ఆరిన తులసిని సీసాలో వేసి మూత పెట్టేశాను. పది రోజులకు తెరిస్తే బూజు వాసన కొట్టింది. పైన బాగున్న ఆకు ఏరుకుందామన్న ఆశ కలిగింది గానీ మొత్తం పారేశాను. మీరూ అంతే చేయండి. బూజు కంటికి కనిపించిన చోటే ఉండదు.

సీసాలో వేసే ముందు చూసుకోవాల్సినవి:

- ఆకును వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి, మెత్తగా వంగకూడదు
- కాడ విరిస్తే టక్కుమనాలి
- పువ్వు మధ్య భాగం నొక్కితే చెమ్మ తగలకూడదు
- సీసా, మూత ఎండలో పెట్టి ఆరినవై ఉండాలి

నింపిన మర్నాడు సీసా లోపలి గోడ చూడండి. ఆవిరి పట్టి కనిపిస్తే ఇంకా తడి ఉంది, తీసి మళ్ళీ ఆరబెట్టండి. సీసా మీద పేరు, నెల రాసిన కాగితం అంటించండి. పొయ్యి పక్క అరలో కాకుండా చీకటి అల్మారాలో పెట్టండి. ఆకులు, పువ్వులు ఆరు నెలలు, గింజలు, వేర్లు ఏడాది దాకా బాగుంటాయి. వాసన పోయిన ఆకును రెట్టింపు వేసినా ప్రయోజనం లేదు.

5. దేన్ని కాచాలి, దేన్ని నానబెట్టాలి

ఈ ఒక్క భాగం గుర్తుంచుకుంటే మిగతావి మరిచిపోయినా మీ టీ బాగానే వస్తుంది.

లేత ఆకులు, పువ్వులు (తులసి, పుదీనా, తంగేడు, మందారం, శంఖపుష్పం): వీటిని కాచకూడదు. నీళ్ళు మరిగి, పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగాక వేసి మూతపెట్టాలి. ఆకులకు ఐదు నుంచి ఏడు నిమిషాలు, పువ్వులకు నాలుగైదు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే చేదు, వగరు దిగుతాయి.

నిమ్మగడ్డి ఆకే అయినా పీచు ఎక్కువ. కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి, చేత్తో నలిపి, సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచితేనే వాసన వదులుతుంది.

గింజలు (ధనియాలు, జీలకర్ర, సోంపు, వాము, యాలకులు, మిరియాలు): వీటిని రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. దంచకుండా వేస్తే పైతొక్క లోపలి రుచిని వదలదు. మెత్తటి పొడి చేస్తే టీ మడ్డిగా మారి వడగట్టడం కష్టమవుతుంది. సన్న సెగ మీద ఐదు నిమిషాలు చాలు.

వేర్లు, చెక్కలు, కొమ్ములు (అల్లం, శొంఠి, దాల్చిన చెక్క, అతిమధురం): వీటికి ఓపిక కావాలి. చల్లని నీళ్ళలోనే వేసి, పొంగు వచ్చాక సెగ బాగా తగ్గించి, మూతపెట్టి పది పదిహేను నిమిషాలు కాచాలి. పచ్చి అల్లాన్ని తురమడం కంటే దంచితే రుచి శుభ్రంగా వస్తుంది, పది నిమిషాలు సరిపోతుంది.

ఈ లెక్కకు లొంగనిది మన సుగంధి పాల వేరు. నన్నారి షర్బత్ రుచి తెలిసినవాళ్ళకు ఆ వాసన చెప్పక్కర్లేదు. అదీ ఒక మొక్క వేరు అయినా, దాని గొప్పంతా వాసనలోనే ఉంది, ఆ వాసన కాచితే ఎగిరిపోతుంది. చాలామంది అరగంట మరిగించి, వట్టి మట్టి రంగు నీళ్ళు వచ్చాయని నిరాశపడతారు. దీన్ని కడిగి, రాయితో మెల్లగా చితక్కొట్టి, మధ్యలో ఉండే తెల్లటి కట్టెలాంటి నార తీసేయాలి. వాసనంతా పైతొక్కలో ఉంటుంది. ఆ తొక్కను వేడి నీళ్ళలో వేసి మూతపెట్టి అరగంట నాననివ్వాలి, పొయ్యి మీద పెట్టకూడదు.

6. తులసి, అల్లం, మిరియాల టీ: మొదటి నుంచి చివరి దాకా

ఇది రెండు గ్లాసులకు. అన్ని రకాలూ కలిసిన టీ కాబట్టి దీన్ని ఒకసారి సరిగ్గా చేస్తే వరుస చేతికి వస్తుంది.

కావలసినవి: నీళ్ళు రెండున్నర గ్లాసులు (అర గ్లాసు ఆవిరికి పోతుంది), అల్లం ఒక అంగుళం, మిరియాలు నాలుగు, ధనియాలు అర టీ స్పూను, తులసి పదహారు నుంచి ఇరవై ఆకులు, బెల్లం మీకు కావలసినంత, నిమ్మ అర చెక్క.

మొదటి పని: అల్లం బాగా కడిగి, మట్టి మడతల్లో ఉండకుండా తొక్క గీకి, దంచండి. చల్లని నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి.

రెండవ పని: పొంగు రాగానే సెగ తగ్గించి మూతపెట్టండి. గడియారం చూసి ఐదు నిమిషాలు. నీళ్ళు సలసల మరగక్కర్లేదు, అడుగు నుంచి చిన్న బుడగలు వస్తుంటే చాలు.

మూడవ పని: మిరియాలు, ధనియాలు కలిపి దంచి వేయండి. ఇంకో ఐదు నిమిషాలు. అల్లానికి పది నిమిషాలు, గింజలకు ఐదు నిమిషాలు ఇలా ఒకేసారి పూర్తవుతాయి.

నాలుగవ పని: పొయ్యి ఆపండి. బెల్లం వేస్తే ఇప్పుడే వేసి కలపండి. ఒక నిమిషం ఆగండి.

ఐదవ పని: తులసి ఆకులను చేత్తో ఒకసారి తుంచి వేయండి. కత్తితో తరగక్కర్లేదు. వెంటనే మూత బిగించండి. ఆరు నిమిషాలు మూత తీయకండి. వాసన చూడాలనిపిస్తుంది, ఆగండి.

ఆరవ పని: సన్న జాలీతో వడగట్టండి. అడుగున మిగిలిన ఆకును గంటెతో నొక్కి పిండవద్దు, చేదంతా అందులోనే ఉంది.

ఏడవ పని: గ్లాసులో పోశాక, తాగే ముందు నిమ్మరసం. పొయ్యి మీద ఉండగా నిమ్మ పిండితే వాసన పోయి చేదు తేలుతుంది. తేనె వాడేవాళ్ళు కూడా టీ గోరువెచ్చగా అయ్యాకే కలపండి.

పాలు పోయవచ్చా అని అడుగుతారు. నిమ్మ, గోంగూర పువ్వు, ఉసిరి ఉన్న టీలో పోస్తే విరుగుతాయి. అల్లం టీలో పోయాలనుకుంటే అల్లం ముందు నీళ్ళలో బాగా మరిగి ఉండాలి. పచ్చి అల్లం రసానికి పాలను విరిచే గుణం ఉంది.

7. ఇదే పద్ధతిలో మరికొన్ని

ధనియాలు, జీలకర్ర, సోంపు: ఒక్కొక్కటి అర టీ స్పూను, రెండు గ్లాసుల నీళ్ళు. దంచి, ఐదు నిమిషాలు సన్న సెగ, ఆపాక ఐదు నిమిషాలు మూత. అన్నం తిన్న అరగంటకు బాగుంటుంది. తీపి అక్కర్లేదు, సోంపు చూసుకుంటుంది. మా అవ్వ ఇందులో సోంపు బదులు వాము వేసేది. కడుపు ఉబ్బరంగా ఉన్నరోజు నేనూ అలాగే చేస్తాను, కానీ వాము పావు స్పూను దాటనివ్వను.

తంగేడు పువ్వు: గ్లాసుకు ఒక టీ స్పూను ఎండు రేకులు, నాలుగు నిమిషాలు. చేదుగా వస్తోందంటే కాస్తున్నారన్నమాట, లేదా కాడలు, మొగ్గలు కలిశాయి. సరిగ్గా వస్తే లేత బంగారు రంగులో, కొద్ది వగరుతో ఉంటుంది. రెండు యాలకులు దంచి వేస్తే వగరు తగ్గుతుంది.

మందారం: రెండు పువ్వుల రేకులు, కాడ, కేసరం తీసేసి. నాలుగు నిమిషాలు నానాక నిమ్మరసం. శంఖపుష్పంతో చేస్తే నీలం టీ నిమ్మ పడగానే ఊదా రంగుకు మారుతుంది. ఇంట్లో పిల్లలుంటే నిమ్మ పిండే పని వాళ్ళకు ఇవ్వండి.

చీనీ తొక్క: ఎండబెట్టిన తొక్క చిన్న ముక్క అల్లం టీలో వేస్తే మంచి వాసన. తోట నుంచి, మందు కొట్టని చెట్టుదని తెలిస్తేనే వాడండి. లోపలి తెల్లటి భాగం గీకి తీసేయండి, లేకపోతే చేదు.

8. టీ తప్పుగా వస్తే

పసరు వాసన: ఆకు ఉడికింది. పొయ్యి ఆపాకే వేయండి. అప్పటికే పెట్టేసిన టీ అయితే రెండు చుక్కల నిమ్మరసంతో కొంత సర్దుకుంటుంది.

చేదు: ఎక్కువసేపు నానింది, లేదా పిండారు. వేడినీళ్ళు కలిపి పలుచన చేయండి. బెల్లం పోయడం దీనికి మందు కాదు, చేదు మీద తీపి చేరి ఇంకా మొహం మొత్తుతుంది.

గొంతు మంట: శొంఠి, మిరియాలు ఎక్కువయ్యాయి. చాలామంది శొంఠి పొడి పచ్చి అల్లం కొలతలో వేస్తారు. శొంఠి ఘాటు చాలా ఎక్కువ.

వాసన లేదు: మూత పెట్టలేదు, ఆకు పాతది, లేదా గింజలు దంచలేదు. ఈ మూడింటిలో ఏదో ఒకటి.

జిగురుగా ఉంది: దాల్చిన చెక్క పొడి వేశారు, లేదా మందారం ఎక్కువసేపు నానింది. చెక్కను ముక్కగానే వేయండి.

పైన తెట్టు: నీళ్ళు. మొదటి భాగం చూడండి.

9. ఎవరు ఆగి ఆలోచించాలి

ఆకే కదా, ఏం చేస్తుందిలే అనే మాట నాకు భయం పుట్టిస్తుంది. పని చేసే ఆకుకు పక్క ప్రభావం కూడా ఉంటుంది.

- షుగర్ మందులు వాడేవాళ్ళు తంగేడు టీ తాగుతున్నామని మాత్ర ఆపకూడదు. తాగడం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పండి. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు.
- బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం మానేయండి. రోజూ తీసుకుంటే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది.
- రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్ళు, ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డవాళ్ళు తులసి, అల్లం ఎక్కువగా తాగే ముందు అడగండి.
- గర్భిణులు పలుచని అల్లం, జీలకర్ర టీ తప్ప మిగతావి డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.
- తిప్పతీగ నేను రోజువారీ టీలో వేయను, వేయమని చెప్పను. దాన్ని వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు నమోదు చేశారు.
- అంగట్లో దొరికే మందపాటి దాల్చిన చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అతిగా పోతే కాలేయానికి మంచిది కాదు. చిన్న ముక్క చాలు, రోజూ వద్దు.
- ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపినది ఏదీ పట్టకూడదు.

కొత్త మూలిక ఏదైనా మొదటిసారి వేసేటప్పుడు అదొక్కటే వేసి అర గ్లాసు తాగి చూడండి. ఒకేసారి నాలుగు కొత్తవి కలిపితే దద్దుర్లు వచ్చినా, కడుపు తిప్పినా దేనివల్లో తెలియదు.

10. ఏప్రిల్, మే నెలల్లో వేడి టీ తాగలేనివాళ్ళకు

మన ఊళ్ళలో ఎండ నలభై డిగ్రీలు దాటాక వేడి గ్లాసు పట్టుకోబుద్ధి కాదు. ఆ నెలల్లో చల్లని నీళ్ళలో నానబెట్టే పద్ధతి ఉంది. కాచి చల్లార్చిన నీళ్ళు మట్టి కుండలో పోసి, రాత్రి పడుకునే ముందు వీటిలో ఒకటి వేయండి: లీటరుకు రెండు టీ స్పూన్ల దంచిన ధనియాలు, లేదా నార తీసిన సుగంధి పాల వేరు తొక్క గుప్పెడు, లేదా బాగా కడిగి ముడివేసిన చిన్న వట్టివేళ్ళ కట్ట. కుండ మీద తడి గుడ్డ, దాని మీద మూత.

పొద్దున వడగట్టి, సుగంధి నీళ్ళలో అయితే కాస్త బెల్లం, నిమ్మరసం కలుపుకోండి. ధనియాల నీళ్ళు ఉత్తవే బాగుంటాయి. వట్టివేళ్ళ కట్టను ఎండలో ఆరబెట్టి మూడు నాలుగుసార్లు వాడుకోవచ్చు. వేసిన మూలికలు మరగనివి కాబట్టి ఈ నీళ్ళు నిలవ ఉండవు. సాయంత్రానికి మిగిలినవి తులసి కుండీలో పోసి, కుండ కడిగి బోర్లించి ఆరనివ్వండి.